చెయ్యి ఊపే కిటికీ: తొమ్మిదో వారం

పోయిన వారం మనం శ్రీమతి వీబెకెను ఒక గులాబి పొద వెనక వదిలిపెట్టి వచ్చాం. యాభై ఎనిమిదేళ్ల వయసులో, కెర్టెమిండె పట్టణపు శిశు విహారానికి పాతికేళ్లుగా అధిపతిగా ఉన్న స్త్రీకి అది ఏమంత శోభించే ఆసనం కాదు. అయినా ఆమె అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, భర్త ప్రెబెన్ పక్షుల్ని చూడడానికి కొనుక్కున్న దుర్భిణితో వృద్ధాశ్రమం మొదటి అంతస్తు కిటికీని గురిచూసింది. కిటికీలో ఆమె తల్లి ఇంగెర్లిస్ నిలబడి ఉంది. ఉత్తినే నిలబడలేదు, చెయ్యి ఊపుతోంది. కింద ముంగిట్లో సైకిలు పట్టుకుని నిలబడ్డ ఆకుపచ్చ టోపీ ముసలివాడు, అంత దీక్షగానూ, తిరిగి ఊపుతున్నాడు.

ఇందులో నేరమేముందని అడిగే పాఠకులు ఈ వారమే కొత్తగా చేరినవారై ఉండాలి. వారి సౌకర్యార్థం ఒక్క మాట. ఇంగెర్లిస్ తన కూతురికి ఎన్నడూ చెయ్యి ఊపలేదు. బడిలో దింపిన మొదటి రోజున వెనక్కి తిరిగి చూడలేదు. పెళ్లయి బోర్న్‌హోల్మ్ ద్వీపానికి ఓడ ఎక్కిన రోజున, రేవులో బంధుజనమంతా చేతిరుమాళ్లు ఎగరేస్తుండగా, వీబెకెకు కనిపించింది తల్లి వీపు. తల్లి ఆశ్రమంలో చేరిన తర్వాత కూడా, ప్రతి ఆదివారం చూసి వెళ్లేటప్పుడు వీబెకె కారు తలుపు తీసి, ఆగి, పైకి చూసి చెయ్యి ఊపేది. కిటికీలో జెరేనియం కుండీ ఉండేది. కుండీకి వీడ్కోలు చెప్పి ఇంటికి పోవడం ఆమెకు అలవాటైపోయింది.

విధికి హాస్యప్రియత్వం లేదని ఎవరన్నారో కాని, వీబెకె ఉద్యోగం చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు. మన శిశు విహారాలన్నిటిలో వీధి వైపు ఒక కిటికీ, దాని కింద ఒక పొట్టి పీట ఉంటాయి కదా. పిల్ల పీట ఎక్కుతుంది, బయట తల్లి ఆగుతుంది, ఇద్దరూ చేతులు ఊపుకుంటారు, ఆ తర్వాతే లోకం ముందుకు నడుస్తుంది. ఆ కిటికీ ధర్మానికి వీబెకె మహాభాష్యకారిణి. ఆఫీసుకు ఆలస్యమవుతోందని చెప్పకుండా జారుకునే తండ్రులను గేటు దాకా తరిమి వెనక్కి లాక్కొచ్చిన చరిత్ర ఆమెది. "ఏడ్చే పిల్ల గురించి బెంగ పెట్టుకోకండి, అసలు ఏడవని పిల్లను గమనించండి" అని ఆమె కొత్త తల్లిదండ్రులకు చేసే ఉపదేశం ఊళ్లో చాలామందికి కంఠతా వచ్చు. ఊరి పిల్లలందరి వీడ్కోళ్లనూ తీర్చిదిద్దిన ఆ చేతికి, తన వంతు వీడ్కోలు మాత్రం ఒక్కటీ దక్కలేదు.

ఆ దక్కనిది ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఒకడికి, వారం వారం, ఉచితంగా దక్కుతోంది.

అయితే అనుమానానికి గౌరవప్రదమైన వేషం ఒకటి కావాలి. అసూయ అని సొంత పేరుతో తిరగడం దానికి నామోషీ. అందుచేత గురువారం మధ్యాహ్నం ఆశ్రమానికి పోతూ కారులో వీబెకె వెండి చెంచాల ప్రసంగం ఎత్తుకుంది.

"అమ్మ వెండి చెంచాల మీద కన్నుపడింది వాడికి. చూస్తుండు."

"ఆహా! తొంభై ఏళ్ల మనిషి, నల్లబడ్డ డజను చెంచాల కోసం, ముంకెబో నుంచి ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడన్నమాట!" అన్నాడు ప్రెబెన్. "నాకు ఊరికే ఇస్తానన్నా నేను కారులో కూడా వెళ్లను."

"నీకు అన్నీ వేళాకోళాలే."

"వేళాకోళం కాదు, నా దుర్భిణి ఎప్పుడిస్తావ్? కొంగలు వచ్చేశాయి. అది పక్షుల కోసం కొనుక్కున్నానే తల్లీ, మా అత్తగారి కోసం కాదు."

దుర్భిణి వీబెకె సంచిలోనే ఉంది.

ఆశ్రమం గుమ్మంలో నిర్వాహకురాలు యూటె ఎదురొచ్చింది. లోకంలో ఏ సమస్యనైనా తగ్గు స్వరంలో మాట్లాడితే సగం తీరిపోతుందని నమ్మే జాతి మనిషి.

"వీబెకె గారూ, ఆ గురువారం అతిథి గురించి మీరు అన్నదాని మీద మేమూ ఆలోచించాం. మీ అమ్మగారికి జ్ఞాపకం కొంచెం అటూ ఇటూ అవుతోంది కాబట్టి మాకు మీ మాటే మాట. మీరు ఊఁ అంటే చాలు, వచ్చే వారం నుంచి ఆయన్ని గుమ్మంలోనే ఆపేస్తాం."

"అమ్మ ఏమంటోంది?"

"ఆవిడ ఏమీ అనరు కదండీ, ఎప్పటిలాగే. కాని ఆయన వచ్చి వెళ్లిన సాయంత్రం మనసు పాడుచేసుకుంటున్నారు. రొట్టె ముట్టుకోరు. కిటికీ దగ్గర నుంచి కదలరు. మిగతా రోజుల్లో అయితే ఎంత నెమ్మదిగా ఉంటారో! ఆయన రాకపోతేనే మంచిదేమో. కాఫీ అయ్యాక చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను."

వీబెకె తల ఊపింది. ఎవరైనా తల్లి తన శిశు విహారానికి వచ్చి ఇదే మాట అని ఉంటే, ఆ తల్లిని కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పి ఉండేది. కాని ఇతరుల విషయంలో మనకుండే జ్ఞానం, సొంత గుమ్మం దాటేటప్పుడు చెప్పులతోపాటు బయటే ఆగిపోతుంది.

ఇంగెర్లిస్ గది చిన్నది. కాఫీ దర్బారుకు సర్వం సిద్ధమై ఉంది. గుండ్రటి బల్ల మీద ఇస్త్రీ చేసిన గుడ్డ, నాలుగు కప్పులు, నడుమ బాదం పొడి చల్లిన క్రింగ్లె అనే తీపి రొట్టె. దాని ముందు, సింహాసనం మీద సామంతరాజులా, హోల్గెర్ అనే ఆ అతిథి. ఆకుపచ్చ టోపీ మోకాలి మీద ఉంది. ఇంగెర్లిస్ కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని, చూస్తోంది. ఆమె చూసేది ఎవరినో చెప్పడం ఎప్పుడూ కష్టమే.

"రండి రండి. నేనే కోస్తాను" అని హోల్గెర్ చాకు అందుకున్నాడు. కోయడంలో అతనిది రాజసం. కుడిచేతి చూపుడువేలు చాకు వీపు మీద కొలువుతీరింది. మధ్యవేలు, ఉంగరపువేలు పిడిని సేవించాయి. చిటికెనవేలు మాత్రం విడిగా, జయధ్వజంలా, గాలిలో నిలబడింది. దొంగకు అంత సొగసైన చిటికెనవేలు అవసరమా అని వీబెకె మనసులో అనుకుంది. అవసరమేనని వెంటనే తీర్పు చెప్పుకుంది.

మొదటి కప్పు వాతావరణంతో గడిచింది. రెండో కప్పుకు కత్తులు ఒరల నుంచి బయటికొచ్చాయి.

"హోల్గెర్ గారూ, మా అమ్మ మీకు ఎలా తెలుసు?"

"చిన్ననాటి పరిచయమండీ."

"ఎక్కడ?"

"సముద్రం ఒడ్డు ఆసుపత్రిలో. యుద్ధం రోజుల్లో. ఎముకల్లో క్షయ పట్టిన పిల్లల్ని అక్కడే పెట్టేవాళ్లు కదా."

ఇంతవరకు నిజమే. ఇంగెర్లిస్ అయిదో ఏట ఆ ఆసుపత్రిలో చేరి ఏడో ఏట బయటికొచ్చింది. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరో ముగ్గురో.

"అంటే పక్కపక్క మంచాలా?"

"అలాగే అనుకోండి."

"నేను అనుకోవడానికి రాలేదండీ, తెలుసుకోవడానికి వచ్చాను. పక్క మంచమేనా, కాదా?"

హోల్గెర్ ఇంగెర్లిస్ వైపు ఒకసారి చూశాడు. "అవును" అన్నాడు.

పళ్లెంలో చివరి ముక్క మిగిలింది. ఈ దేశంలో చివరి ముక్కను ఎవరూ మొత్తంగా తీసుకోరు, సగం చేసుకుంటూ పోతారు. ప్రెబెన్ ఆచారం ప్రకారం దాన్ని సగం చేసి సగం తిన్నాడు. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయాలా అని యోచిస్తున్నాడు.

వీబెకె కప్పు కింద పెట్టింది. ఈ క్షణం కోసం ఆమె రెండు రాత్రులు మాటలు కూర్చుకుంది.

"అది ఆడపిల్లల వార్డు."

ప్రెబెన్ మిగిలిన సగాన్ని మరిచి తలెత్తాడు. వీబెకె ఆగలేదు.

"మా అమ్మ ఆ ఆసుపత్రి గురించి నా జన్మలో చెప్పింది ఒకే ఒక్క ముక్క. అక్కడ మగ గొంతంటే డాక్టరుదేనని. మీరు డాక్టరా? తొమ్మిదేళ్లకే డిగ్రీ పుచ్చుకున్నారా?"

ప్రెబెన్‌కు బాదం పొడి గొంతుకు అడ్డం పడింది. హోల్గెర్ మాత్రం చెయ్యి చాచి, పళ్లెంలో మిగిలిన ముక్కను, అడగకుండా, సగం చేయకుండా, మొత్తంగా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. వీబెకె దృష్టిలో కేసు అక్కడితో రుజువైపోయింది. చెంచాలు దొంగిలించేవాడు మొదట చేసే పని అదే.

అతను నిదానంగా నమిలి, మింగి, వేళ్లు తుడుచుకున్నాడు.

"పట్టేశారు. నేను లోపల ఎప్పుడూ లేను. బయట ఉండేవాణ్ని."

"బయటంటే?"

"గడ్డిలో. నెలకొక ఆదివారం చూడనిచ్చేవాళ్లు. పెద్దవాళ్లు లోపలికి పోవచ్చు, పిల్లలకి ప్రవేశం లేదు. మా చెల్లెలు గ్రెటె కిటికీ పక్క మంచంలో ఉండేది. దాని పక్కన ఈవిడ. నడుం నుంచి పాదాల దాకా పిండికట్టు. కదపడానికి చేతులొక్కటే ఉండేవి పాపం. నేను కింద నుంచి గ్రెటెకి చెయ్యి ఊపితే, ఇదీ ఊపేది. ఇదెందుకు ఊపుతోందా అనుకునేవాణ్ని."

"అమ్మ కోసం ఎవరొచ్చేవాళ్లు?"

ఈ ప్రశ్న వీబెకె కూర్చుకున్న వాటిలో లేదు. ఎక్కడి నుంచో తనంతట తానే వచ్చేసింది.

"ఎవరూ రాలేదు. మొదటి ఆదివారం ఒక్కసారి వచ్చారట. వాళ్లు వెళ్లాక ఈవిడ తెల్లవార్లూ అరిచిందట. పెద్ద నర్సు వాళ్లకి కబురు పెట్టింది. 'మీరొస్తే పిల్ల మనసు పాడుచేసుకుంటోంది. మీరు రాకపోతేనే నెమ్మదిగా ఉంటుంది' అని. వాళ్లు బుద్ధిమంతులు. చెప్పిన మాట విన్నారు."

"ఎన్నాళ్లు?"

"ఇంటికి తీసుకెళ్లేదాకా."

"మరి అమ్మ నెమ్మదిగా ఉందా?"

"ఓ, వార్డు మొత్తానికీ అదే బుద్ధిమంతురాలని పేరు. అందరూ మెచ్చుకునేవాళ్లు. ఏడుపు లేదు, పిలుపు లేదు."

నెమ్మది అన్న మాట ఆ గదిలో తిరిగి తిరిగి వచ్చి వీబెకె ముందు కూర్చుంది. గంట క్రితం గుమ్మంలో తగ్గు స్వరంతో విన్న మాట. తాను తల ఊపిన మాట. ఇంతకాలం ఎందరో తల్లులకు ఆమె చెప్పిన పాఠం, ఏడవని పిల్లను గమనించండి అని. తన ఇంట్లో ఉన్న ఆ పిల్లను ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంది. అమ్మ అని పిలుస్తూనే ఉంది. గమనించలేదు.

"గ్రెటె ఆ చలికాలం పోయింది" అన్నాడు హోల్గెర్. "మంచం ఖాళీ. అయినా నేనొకసారి వెళ్లాను, ఒక్కణ్నే. ఈవిడ కోసం. చెయ్యి ఊపాను. ఊపింది. వచ్చే నెల మళ్లీ వస్తానని సైగ చేశాను."

"వెళ్లారా?"

"లేదండీ. ఆ దారి తొక్కితే ఒట్టని మా అమ్మ ఏడ్చింది. వెళ్లలేదు." అతను టోపీని మోకాలి మీద ఒకసారి తిప్పాడు. "ఆ వెళ్లని ఆదివారం ఇది కిటికీలో ఎంతసేపు చూసి ఉంటుందా అని... అంతే. అందుకే వస్తున్నాను."

ప్రెబెన్ ముక్కు చీదాడు. అంతటి ప్రెబెన్‌కు కూడా హాస్యం తోచలేదు.

వీబెకెకు ఒక గోధుమరంగు కోటు వీపు కనిపించింది. బడి మొదటి రోజు. నడుం పట్టీ వెనక బిళ్ల ఒకటి మెరుస్తూ, వీధి చివరిదాకా, ఒక్కసారి కూడా తిరగకుండా. ఆ వీపును ఆమె అన్నేళ్లూ ఒకే విధంగా చదువుకుంది. నేనంటే లెక్కలేదని. చెయ్యి ఊపడమంటే మళ్లీ వస్తానని మాటివ్వడమని, ఆ మాట నిలబడదని అయిదేళ్లకే నేర్చుకున్న మనిషి, తన బిడ్డకు అలాంటి మాట ఇవ్వడానికి భయపడి ఉంటుందని ఎన్నడూ తోచలేదు. శిశు విహారాధిపతికి, మహాభాష్యకారిణికి, తోచలేదు.

అయితే అనుమానం పుట్టుకతోనే మొండిది. కన్నీళ్ల మధ్య నుంచి కూడా అది ఒక కన్ను తెరిచి చూసింది. కథ బాగా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. తొంభై ఏళ్ల మనిషి ఎప్పటి సంగతో తవ్వి తీస్తే కాస్త మట్టి అంటుకుని రావాలి కదా. ఇతని కథ కడిగి తుడిచి, ఎన్నోసార్లు అప్పజెప్పిన పాఠంలా ఉంది. ఆ కన్నును వీబెకె బలవంతంగా మూసింది. ఈ రోజుకు చాలు అని దాన్ని కోప్పడింది.

హోల్గెర్ లేచాడు. "ఇంకొస్తా, ఇంగెర్లిస్. ఎండ పోకముందే ముంకెబో చేరాలి." వీబెకెకు మర్యాదగా తల వంచాడు. "వచ్చే గురువారం రావచ్చో రాకూడదో కింద ఆ అమ్మాయి మీరు చెబుతారంది. మీరేం చెప్పినా నేను తప్పుపట్టనండీ."

"జాగ్రత్తగా వెళ్లండి" అంది వీబెకె.

ప్రెబెన్ అతన్ని మెట్ల దాకా సాగనంపడానికి వెళ్లాడు. ఇంగెర్లిస్ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. జెరేనియం కుండీని పక్కకు జరిపింది. అంటే ఆదివారాలు ఆ కుండీ దానంతటదే అక్కడ ఉండేది కాదన్నమాట. గురువారాలు పక్కకు జరిపినదాన్ని ఎవరో తిరిగి సర్దేవారన్నమాట. వీబెకె వచ్చి తల్లి పక్కన నిలబడింది.

తలుపు మీద తగ్గు స్వరంలో చప్పుడు. యూటె.

"ఏం చెప్పమంటారండీ?"

వీబెకె నోరు తెరిచేలోపు, చల్లటి ఎముకల చెయ్యి ఒకటి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది. వీబెకె కిందికి చూసింది. అది తన తల్లి చెయ్యి. దారి దాటించడానికి కాదు, మందు మింగించడానికి కాదు. పట్టుకోవడానికి పట్టుకున్న చెయ్యి. ఇదివరకు అలాంటిది జరిగిన గుర్తు ఆమెకు లేదు.

"ఆపొద్దని చెప్పు" అంది ఇంగెర్లిస్.

"ఆపకండి" అంది వీబెకె. "రానివ్వండి. సాయంత్రం రొట్టె తినకపోతే నాకు ఫోన్ చెయ్యండి, నేను వచ్చి కూర్చుంటాను."

యూటె తలుపు మూసి వెళ్లిపోయింది. కింద ముంగిట్లో ఆకుపచ్చ టోపీ కనిపించింది. సైకిలు తాళం తీసి, నిటారుగా నిలబడి, పైకి చూసి చెయ్యి ఎత్తింది. ఇంగెర్లిస్ రెండో చెయ్యి ఎత్తి ఊపింది. కూతురి మణికట్టు మాత్రం వదల్లేదు.

"మంచి మనిషి" అంది ఇంగెర్లిస్. "బాగా చెబుతాడు."

"అవునమ్మా."

"హోల్గెర్ కాదులే."

వీబెకె నవ్వబోయింది. జ్ఞాపకం అటూ ఇటూ అవుతోందని యూటె అన్నది గుర్తొచ్చింది. "అదేంటమ్మా? ఇప్పుడే కదా అంతా చెప్పాడు. గ్రెటె వాళ్లన్నయ్య."

"గ్రెటె వాళ్లన్నయ్యకి కుడిచేతికి చివరి రెండు వేళ్లు లేవే. నూర్పిడి యంత్రంలో పోయాయి. మూడు వేళ్లతో ఊపేవాడు. వార్డులో మేమందరం రెండు వేళ్లు ముడిచి ఊపేవాళ్లం, వాడికి చిన్నతనంగా ఉండకూడదని." ఆమె గొంతులో నిద్ర లేదు, మబ్బు లేదు. "ఈయనకి అన్నీ ఉన్నాయి. క్రింగ్లె కోసినప్పుడు చూళ్లేదూ?"

చూసింది. చిటికెనవేలు జయధ్వజంలా నిలబడడం ఆమె కళ్లారా చూసింది.

"మరి ఎవరమ్మా అతను?"

"తెలీదు."

"తెలీకుండానే ఇన్ని వారాలు చెయ్యి ఊపుతున్నావా?"

"ఊపుతున్నాడు కదా" అంది ఇంగెర్లిస్, అంతకంటే చెప్పడానికేమీ లేనట్టు.

వీబెకె తలుపు వైపు తిరిగింది. యూటె ఇంకా మెట్ల మీదే ఉంటుంది. రెండంగల్లో తలుపు చేరుకుని, కేకేసి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చు. కాని అందుకు ముందు మణికట్టు మీది ఈ చేతిని విడిపించుకోవాలి. ఆమె జీవితమంతా ఎదురుచూసిన చెయ్యి అది. విడిపించుకోలేదు. సంచిలో ఉన్న దుర్భిణిని మాత్రం ఖాళీగా ఉన్న చేత్తో పైకి తీసి కంటికి ఆనించింది.

కిటికీ మూసి ఉంది. రెండు పొరల అద్దం. బయట సముద్రపు గాలి. లోపలి మాట ఒక్కటి కూడా ముంగిట్లోకి వెళ్లే వీలు లేదు.

దుర్భిణిలో ముసలివాడి మొహం దగ్గరగా వచ్చింది. అతను నవ్వడం లేదు. చూస్తున్నది ఇంగెర్లిస్‌ను కాదు, సూటిగా వీబెకెను. ఎత్తిన కుడిచెయ్యి అయిదు వేళ్లతో ఒకసారి ఊగింది. ఆగింది. ఆ తర్వాత, ఎంతో నిదానంగా, చిటికెనవేలు ముడుచుకుంది. దాని పక్కన ఉంగరపువేలు ముడుచుకుంది. మిగిలిన మూడు వేళ్లతో ఆ చెయ్యి మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

వీబెకె పక్కన, తల్లి చెయ్యి గాలిలో నిలిచిపోయింది.